తలుపుకి వీపు

ఎర్ర ఫోను పెట్టేసిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. పెట్టేసింది నేనే. విన్నదంతా అక్కడే నిలబడి పైకి చెప్పాను కూడా, మా శిక్షణలో మొదటి పాఠం అదే, విన్నది పైకి చెప్పాలి, అవతలివాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి, అప్పుడే అది చెప్పినట్టు. యాభై దాటిన ఆడమనిషి, ఈమధ్యే బీపీకి కొత్త మాత్ర మొదలుపెట్టారు, పొద్దున నాలుక బరువుగా ఉందంది, మధ్యాహ్నానికి పెదవులూ నాలుకా వాచిపోయాయి, ఇప్పుడు మాట రావడం లేదు, ఉమ్మి మింగలేకపోతోంది, కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది, పడుకోబెట్టబోతే చేతులు విదిలిస్తోంది. అంబులెన్సు వంతెన అవతల ఇరుక్కుంది. "ఎంతసేపు పడుతుంది?" అని అడిగితే "దారి వదిలితే పావుగంట, వదలకపోతే ఏం చెప్పగలం" అన్నాడు అంబులెన్సులో మనిషి, ఆ మాట వెనక నుంచి ఒక శబ్దం వినిపించింది, ఎండిన గడ్డి పరకలోంచి ఊదినట్టు సన్నగా, అది ఆవిడ ఊపిరి. ఆ శబ్దం గురించి మాత్రం పైకి చెప్పలేదు. మిగిలినదంతా చెప్పాను, గదిలో ఉన్న ఇద్దరూ తిరిగి చెప్పారు, చెప్పి ఇద్దరూ నా వైపు చూశారు. నేను తలుపు వైపు చూశాను.

కావాలని చూడలేదు. మెడ దానంతట అదే తిరిగింది. ఈ జబ్బుకి మా కంచు మేడమ్ ఒక పేరు పెట్టింది, గుమ్మం చూపు అని. ఆవిడ ఈ అత్యవసర విభాగానికి పెద్ద డాక్టరు, మాకు పాఠాలు చెప్పేదీ ఆవిడే, గొంతు విప్పితే వరండా చివర కునికేవాడు కూడా లేచి కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు. మేము అంటే ఏళ్ల తరబడి నర్సులుగా పనిచేసి, ఇప్పుడు డాక్టరు చేసే పనుల్లో కొన్ని మా చేతులతో మేమే చెయ్యడానికి శిక్షణ తీసుకుంటున్నవాళ్లం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టరు అందుబాటులో లేకపోతే ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి కదా, ఆ ఎవరో ఒకరు మేము. మొదట్లో అంతా ప్లాస్టిక్ బొమ్మ మీదే. బొమ్మకి ఊపిరి ఆడదు, పెదవులు నీలమవుతాయి, అద్దం అవతల కూర్చుని మీటలు నొక్కుతూ దాన్ని చంపేది కంచు మేడమే. నా వంతు వచ్చినప్పుడు సూది సరిగ్గా పెట్టాను, ఆక్సిజన్ సరిగ్గా పెట్టాను, మందు ఎంతో తడుముకోకుండా చెప్పాను, ఇక గొంతులో గొట్టం వెయ్యాలి, అందరూ నా నోటి వంక చూస్తున్నారు, నేనేమో తలుపు వంక చూస్తూ నిలబడ్డాను. బొమ్మ చచ్చిపోయింది. ఆవిడ అద్దం వెనక నుంచి వచ్చి "ఎవరి కోసమమ్మా ఆ ఎదురుచూపు, పెళ్లికొడుకు కోసమా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. డాక్టరు కోసం మేడమ్ అని నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఆవిడకి చెప్పనక్కర్లేదు, తెలుసు. ఈ తప్పు కొత్త డాక్టర్లు చెయ్యరు, వాళ్ల తప్పులు వేరు, ఇది పాత నర్సులు మాత్రమే చేసే తప్పు. ట్రే పరిచి, అన్నీ వరసగా పెట్టి, డాక్టరు వచ్చి చెయ్యి చాపగానే అందులో సరైన వస్తువు పెట్టడం మాకు ఒంట్లో ఇంకిపోయింది, ఆ చాచే చెయ్యి రాకపోతే మేం అలాగే నిలబడిపోతాం. అప్పటి నుంచి మాకో నియమం. గదిలో నిర్ణయం ఎవరిదో వాళ్లు మంచానికి కాళ్ల వైపు నిలబడాలి, చేతులు వెనక్కి కట్టుకోవాలి, వీపు తలుపుకి ఉండాలి. వచ్చేవాళ్లు కనపడకూడదు.

తిరిగి వచ్చి అక్కడే నిలబడ్డాను, కాళ్ల వైపు, వీపు తలుపుకి పెట్టి. మంచం మీద ఎవరూ లేరు, ఉతికిన దుప్పటి మీద మడత గీతలున్నాయి. పైన ఆపరేషన్ గదికి ఫోను చేశాం. లారీ కింద పడ్డ మనిషి పొట్ట తెరిచి ఉంది అక్కడ, మత్తు డాక్టరు అక్కడే, సర్జన్ అక్కడే, ఇంకో జత చేతులు కావాలని కంచు మేడమ్‌ని కూడా పైకి పిలిపించుకున్నారు. ఫోను ఎత్తిన నర్సు దాన్ని ఆవిడ చెవి దగ్గర పెట్టినట్టుంది, ఆ గొంతు ఎక్కడో గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు వినిపించింది, "నేను చేతులు తీస్తే ఇక్కడ ఈయన పోతాడు. తను చూసుకుంటుంది." అంతే, పెట్టేశారు. తను. ఆ మాట ఎవరికి చెప్పింది, ఆ నర్సుకా, నాకా, తనకి తనే ధైర్యం చెప్పుకుందా? తను అంటే నేనేనని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఇంకో ఆసుపత్రికి పంపిద్దామంటే అది ఇంతకు రెండింతల దూరం. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఇన్నేళ్లూ ఆ మాట వాడుతూనే ఉన్నాను గానీ ఆ పోకచెక్క గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. దానికి కనీసం పక్కన నిలబడి తన వంక చూసేవాళ్లు ఉండరు.

నా వంక చూస్తున్నది ఇద్దరు, పెద్దక్కా మౌనీ. పెద్దక్క ఈ ఆసుపత్రిలో అందరికీ పెద్దక్కే, వయసులోనూ అనుభవంలోనూ కోపంలోనూ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతి మీద చెయ్యి వేసి నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు నేను చెప్పేది ఆవిడ తిరిగి చెప్పాలి. అది ఆవిడకి ఎలా ఉంటుందో అడిగే ధైర్యం నాకు లేదు. మౌని ఊపిరి మిషన్లు చూసుకునే టెక్నీషియన్, ఆ మనిషి నోట్లోంచి మాట రాలడం అపురూపం, కానీ ఈ నియమం వచ్చాక మాత్రం ఏం చెప్పినా తిరిగి గట్టిగా అరిచి చెప్తాడు, చివర "విన్నాను" అని కలిపి మరీ. క్యాంటీన్లో టీ తాగుదామా అంటే "టీ తాగుదాం, విన్నాను" అంటాడు, పక్క బల్లల వాళ్లు తిరిగి చూస్తారు. ఎంత నవ్వుకునేవాళ్లమో. "అడ్రినలిన్ తీసి పెట్టు అక్కా." "అడ్రినలిన్ తీసి పెట్టాను." "సక్షన్ ఆన్ చెయ్యి." "సక్షన్ ఆన్ చేశాను, విన్నాను." నోట్లో ఉమ్మీ నురగా లాగేసే సక్షన్ గొట్టం గరగరమని గాలి మింగుతోంది. ఇప్పుడు ఎవరికీ నవ్వు రావడం లేదు. ట్రే మీద నీలం గుడ్డ, గుడ్డ మీద ముక్కులోంచి పంపే కెమెరా తీగ, దాని పక్కన సన్నవీ లావువీ గొట్టాలు, చివర గుడ్డ మూలన మెడ సామాను. బ్లేడు, వంగే సన్నటి కడ్డీ, చిన్న గొట్టం, అంతే, మెడ సామాను అంటే ఇంతే, గుప్పిట్లో పట్టేస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని మేడమ్ ఎప్పుడూ దాన్ని ముందే తీయిస్తుంది. అవసరం పడదులే అని చెప్పుకుంటూ చూశాను దాని వైపు, పడితే అని చెప్పుకోకుండా చూపు తిప్పుకున్నాను, తిప్పుకున్న చూపు తలుపు వైపు పోబోయి మధ్యలో గోడ గడియారం మీద ఆగింది.

నా చెయ్యి ఎప్పుడు నా మెడ మీదికి పోయిందో తెలియదు. కంఠమణి కింద ఒక చిన్న పల్లం ఉంటుంది, చిటికెన వేలి కొన పట్టేంత, దాని కింద గట్టి ఉంగరంలాంటిది. ఆ పల్లంలో చర్మం కింద గాలి దారి ఎంత దగ్గరగా ఉంటుందో, మనుషులంతా దాన్ని బయటపెట్టుకుని బజార్లో ఎలా తిరుగుతున్నారో అని నాకు ఈమధ్య ఆశ్చర్యం. నోట్లోంచీ ముక్కులోంచీ గొట్టం పోనప్పుడు ఆ పల్లంలో కొయ్యాలి. మగవాళ్లకి సులువు, మెడ మీద గుర్తు పెట్టినట్టే ఉంటుంది. ఆడవాళ్ల మెడ దొంగ మెడ, వేలికి దొరకదు, వస్తున్నది ఆడమనిషి, ఫోనులో "కాస్త ఒళ్లున్న మనిషి" అని కూడా అన్నాడు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆదివారం మధ్యాహ్నం తిని పడుకుంటే ఆయన మెడ మీద పల్లం వెతికి పెన్నుతో గీత పెట్టాను, కళ్లు మూసుకుని వెతకడం కూడా సాధన చేశాను, గీత చెరపడం మర్చిపోయాను. మర్నాడు ఆ గీతతోనే బస్సు తోలాడు, కండక్టరు "ఏంటన్నా, ఇంట్లో ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టి పంపించారా?" అన్నాడట. సాయంత్రం వచ్చి అద్దంలో చూసుకుని "నిజమే చెప్పాడు వెధవ" అన్నాడు. నా పాఠాలన్నీ ఆయన మీదే. నేను "కూరలో ఉప్పు వేశాను" అంటే "కూరలో ఉప్పు వేశావు, ఈసారి దేవుడే దిక్కు" అని తిరిగి చెప్తాడు. మా విభాగం పక్కనున్న మాంసం కొట్టులో మేక గొంతులు తెచ్చుకుని కోసి నేర్చుకున్నాం, కొట్టువాడు కాగితంలో చుడుతూ "వీటితో ఏం వండుతారమ్మా?" అంటే చదువుకుంటాం అన్నాను, మరోసారి వెళ్తే మంచివి ఏరి పెట్టాడు. మేక గొంతు మీద నా చెయ్యి వణకలేదు, ఎందుకంటే మేకకి ఇక పోయేదేమీ లేదు.

ఫోను మోగలేదు. మోగితే మంచిదా, మోగకపోతే మంచిదా. దారి ఇచ్చి ఉంటారు, అందుకే చెయ్యలేదు. లేదా ఆవిడ అక్కడే, ఆ వంతెన మీదే, అందుకే చెయ్యలేదు. ఆ రెండోది నా మనసులోకి వచ్చినప్పుడు దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఎంత మెత్తగా వచ్చిందంటే అది నాదేనని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది, దారిలోనే అయిపోతే నేను కొయ్యక్కర్లేదు. ఛీ. ఇంత భయముంటుందా మనిషికి, ఇంకో మనిషి పోయినా ఫర్వాలేదు గానీ నా చేతుల్లో పోకూడదని అనుకునేంత? ఎవరూ వినలేదు కదా అని మౌని వంక చూశాను, ఆ మనిషి ఆక్సిజన్ మీటరు చూస్తున్నాడు. ఇది కూడా పైకి చెప్పాలంటే ఏమయ్యేదో, "దారిలోనే పోవాలి, విన్నాను" అని అరిచేవాడు. లోపల నవ్వు లాంటిదేదో కదిలి అక్కడే గడ్డకట్టింది.

తమ్ముడికి చిన్నప్పుడు ఉబ్బసం. వానాకాలం సాయంత్రం, నాన్న డాక్టరు కోసం సైకిలు వేసుకుని వెళ్లాడు, అమ్మ వాణ్ని తన గుండెకి ఆనించి కూర్చోబెట్టుకుంది, వాడి పక్కటెముకలు లోపలికీ బయటికీ కొట్టుకుంటున్నాయి, వాడి గొంతులోంచి వచ్చే శబ్దం ఇదే, ఇందాక ఫోనులో విన్నదే, గడ్డి పరకలోంచి ఊదిన శబ్దం. నేను వాడి పాదాలు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ వాడి ముఖం చూడలేదు. నాయనమ్మ చూడలేదు, పక్కింటి పిన్ని చూడలేదు, అందరి చూపూ గుమ్మం మీదే. వాడొక్కడే ఊపిరి కోసం పెనుగులాడుతుంటే ఇల్లంతా వాడి వైపు వీపు తిప్పుకుని కూర్చున్నట్టు నాకు అనిపించింది, భయమేసింది, నేనూ తిరిగి గుమ్మం వైపే చూశాను. డాక్టరు వచ్చేసరికి వాడి ఆయాసం దానంతట అదే తగ్గింది, అయినా అమ్మ "దేవుడిలా వచ్చారు బాబూ" అని ఏడ్చింది, వాడు పడిన కష్టం వాడిది, పేరు ఆయనకి. ఇప్పుడు వాడు ప్లంబరు, పిప్పళ్ల బస్తాలా ఉంటాడు, "అక్కా, మనిద్దరిదీ గొట్టాల పనే, కాకపోతే నా గొట్టం లీకైతే ఇల్లు తడుస్తుంది" అంటాడు. నీ గొట్టం అని మాత్రం ఎప్పుడూ పూర్తి చెయ్యడు. అమ్మ అప్పుడు వాడి ముఖం ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలుస్తోంది. చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో తెలియనివాళ్లకి గుమ్మమే దిక్కు. నాకు తెలుసు ఏం చెయ్యాలో, అయినా దిక్కు అదే.

నా మెడలో బ్యాడ్జీ మీద కొత్త హోదా రెండు వరసల్లో పట్టదు, మూడో వరసలోకి జారింది. పేరు పెద్ద ఊరు దిబ్బ అన్నాడు మా ఆయన, కానీ ఆ బ్యాడ్జీని తనే తుడిచి మేకుకి తగిలిస్తాడు. వార్డులో పాత స్నేహితురాళ్లు ఇంకో పేరు పెట్టారు, రెంటికీ చెడ్డ రేవడి. భోజనానికి వాళ్ల బల్ల దగ్గర కూర్చుంటే "డాక్టరమ్మలు అక్కడ కదా" అంటారు, డాక్టర్ల బల్ల దగ్గర కూర్చుంటే వాళ్లు మర్యాదగా మాట ఆపేస్తారు. నవ్వులాటకే అంటారు, నేనూ నవ్వులాటకే తీసుకుంటాను, ఇంటికెళ్లి మాత్రం తీసుకోను. ఈ చదువుకి పేరిచ్చిన రోజు పెద్దక్క ఒకటే మాట అంది, "సరే, నేర్చుకో. చేసేది నువ్వైతే తప్పు కూడా నీదే అవుతుంది, అది గుర్తుంచుకో. ఇన్నాళ్లూ మన తప్పులన్నిటికీ పైన ఇంకొకళ్లు ఉండేవాళ్లు." నిజమే. ఇన్నేళ్లూ నా భయానికి పైన ఒక కప్పు ఉండేది, అది ఎవరి గొంతో, ఎవరి చెయ్యో. ఇప్పుడు తల ఎత్తితే కప్పు లేదు, ఉత్త ట్యూబ్‌లైట్ ఉంది, అది కూడా మినుకుమంటోంది.

"ఏం చేస్తావో చెప్పు" అంది పెద్దక్క. వీళ్లకి పైకి చెప్పాలి, అంబులెన్సు వచ్చేలోపే, మంచిది ముందు, చెడ్డది తర్వాత, నియమం అదే. "కూర్చోబెట్టే ఉంచుతాం. పడుకోబెట్టం. మందులు ఇస్తాం, పనిచెయ్యకపోవచ్చు, ఈ వాపు వాటికి లొంగదు. ముక్కులోంచి కెమెరా పంపి దారి దొరికితే గొట్టం వేస్తాను." ఇద్దరూ తిరిగి చెప్పారు. తర్వాతది మిగిలింది. బొమ్మ ముందు ఎన్నిసార్లు చెప్పానో, మా ఆయన గురక పెడుతుంటే ఆయన ముందు చెప్పాను, స్నానాల గదిలో చెప్పాను. ఇప్పుడు రాదు. "దొరక్కపోతే?" అంది పెద్దక్క. అది అడగడం ఆవిడ పని కాదు, అయినా అడిగింది, నరం కోసం నా వేలిని తన వేలితో ముందుకి తోసినట్టు. "దొరక్కపోతే మెడ కోస్తాను" అన్నాను. "దొరక్కపోతే మెడ కోస్తావు" అంది ఆవిడ. "మెడ కొయ్యాలి, విన్నాను" అన్నాడు మౌని, ఈసారి గట్టిగా కాదు. అప్పుడే బయట సైరను మొదలై, దగ్గరయ్యి, గోడ అవతలే ఆగిపోయింది. సైరను ఆగడం ఎంత భయంకరమో అంతకుముందు నాకు తెలియదు, మోగుతున్నంతసేపూ అది ఇంకెవరి పనో.

తలుపులు కొట్టుకున్నాయి, చక్రాలు, కాళ్లు, చల్లగాలి, నా పక్క నుంచే మంచం మీదికి ఆవిడ. బొమ్మకి చెమట పట్టదు. ఆవిడ జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది, నాలుక నోట్లో పట్టక బయటికి వచ్చేసింది, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకుని ముందుకి వంగి కూర్చుంది, పాదాలు ఉత్తవి. మెడ పొట్టిది. నా దేవుడా, ఎంత పొట్టిది. కాళ్ల వైపు చోటు పెద్దక్కకి ఇచ్చాను, "నా బదులు నువ్వు మానిటరు మీద అంకెలు చెప్తూ ఉండు అక్కా", ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను మంచం పక్కకి వెళ్లి, మంచం మీదావిడకి ఎదురుగా నిలబడ్డాను, వీపు ఇంకా తలుపుకే. ఆవిడ కళ్లు నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి పోయాయి, తలుపు వైపు. మందు సూది పట్టుకున్న అంబులెన్సు మనిషిని, మాస్క్ పట్టుకున్న మౌనిని, నన్ను, ఎవరినీ చూడటం లేదు, వచ్చేవాళ్ల కోసం చూస్తోంది. కొంచెం పక్కకి జరిగి ఆ చూపుకి అడ్డంగా నిలబడ్డాను. "అమ్మా, నన్ను చూడండి. మీ ఊపిరికి దారి నేను చేస్తాను. నా చెయ్యి పట్టుకోండి." పట్టుకుంది. గోళ్లు దిగాయి.

కెమెరా ముక్కులోంచి లోపలికి, తెర మీద ఎర్రగా, ఉబ్బిన గోడలు రెండు పక్కల నుంచీ ఒకదానికొకటి తోసుకుంటున్నాయి, నురగ, నెత్తురు చార, మళ్లీ నురగ. "సక్షన్." "సక్షన్, విన్నాను." దారి ఎక్కడో ఉండాలి, ఆవిడ లోపలికి పీల్చినప్పుడు ఒక బుడగ కదిలింది, అటే వెళ్లాను, గోడ, వెనక్కి తీశాను, మళ్లీ, గోడ. మానిటరు కూత స్వరం దిగుతోంది, ఆక్సిజన్ పడిపోయే కొద్దీ అది గొంతు తగ్గించుకుంటుంది, పెద్దక్క అంకెలు చెప్తోంది, ప్రతి అంకె ముందుదానికంటే చిన్నది, ఆవిడ గొంతులో మాత్రం తేడా లేదు. ఇంకొక్కసారి చూద్దాం, ఇంకొక్కసారి చూస్తే దొరుకుతుంది. అదే, అచ్చం అదే, ఇంకొక్కసారి అంటూనే పోతారని చెప్పింది కంచు మేడమ్. నా చెయ్యి పట్టుకున్న గోళ్లు వదులయ్యాయి. ఆవిడ తల నా భుజం మీదికి వాలింది. గడ్డి పరక శబ్దం ఆగిపోయింది.

అప్పుడు నా వెనక తలుపు తెరుచుకుంది.

విన్నాను. రెక్క కిర్రుమంది, చల్లగాలి మెడ వెనక తగిలింది, ఎవరో లోపలికి అడుగు పెట్టి ఆగారు. మౌని కళ్లు అటు పోయాయి, మంచం అవతల అంబులెన్సు మనిషి కళ్లు అటు పోయాయి. వచ్చింది. పైన పని అయిపోయి ఉంటుంది, మేడమ్ వచ్చేసింది, ఆవిడ చేతులు, ఆ గొంతు, వచ్చేసింది దేవుడిలా. ఒక్కసారి తిరిగితే చాలు, బ్లేడు ఆవిడ చేతిలో పెట్టేస్తాను, పక్కకి జరుగుతాను, ట్రే అందిస్తాను, ట్రే అందించడంలో నన్ను మించినవాళ్లు లేరు. మెడ కండరం లాగింది, నిజంగా లాగింది, చెవి కింద నుంచి భుజం దాకా. నా ముందున్న ముఖం బూడిద రంగు. తిరిగితే, ఆవిడ అర్థం చేసుకుని, గ్లవ్స్ వేసుకుని, ఇక్కడికొచ్చి. అంత ఊపిరి ఈ ముఖంలో లేదు. తమ్ముడి ముఖం ఎవరూ చూడలేదు. "వెనక్కి వాల్చండి. బ్లేడు" అన్నాను. ఎవరూ తిరిగి చెప్పలేదు, అందరి కళ్లూ తలుపు దగ్గరే ఉన్నాయి. "మౌనీ, నన్ను చూడు. బ్లేడు!" నా గొంతు నాకే కొత్తగా, కంచులా మోగింది. "బ్లేడు, విన్నాను!" చేతిలో చల్లగా పడింది.

దొంగ మెడ. వేలికి ఏమీ తగలలేదు, అంతా మెత్తన. దొరక్కపోతే నిలువుగా కోసి వేలు లోపల పెట్టి వెతకమన్నారు, నిలువుగా కోశాను, నెత్తురు వచ్చింది, మేక గొంతులో ఇంత నెత్తురు లేదు, చూడకు, వేలితో చూడు, కళ్లు మూసుకుని మా ఆయన మెడ మీద వెతికినట్టు, మెత్తన, మెత్తన, గట్టి, దాని కింద పల్లం. అదే. దేవుడి దయ, అదే. అడ్డంగా ఒక్క పోటు. బుసమని గాలి. వేలు తియ్యలేదు, వేలు పక్క నుంచి కడ్డీ, లోపల గరుకు గరుకు ఉంగరాలు తగులుతూ దిగింది, కడ్డీ మీద నుంచి గొట్టం. "గాలి." "గాలి ఇస్తున్నాను, విన్నాను." మౌని గొట్టానికి గాలి సంచి తగిలించి నొక్కాడు. నేను ఆవిడ ఛాతీ తప్ప ప్రపంచంలో ఇంకేమీ చూడలేదు. లేవలేదు. లేవలేదు. లేచింది. "ఛాతీ లేస్తోంది" అంది పెద్దక్క, ఆ రెండు మాటల మధ్య మొదటిసారి ఆవిడ గొంతు చీలింది. అంకెలు మొండిగా అక్కడే కాసేపు నిలబడి, తర్వాత ఒకటొకటి పైకి ఎక్కడం మొదలుపెట్టాయి, మానిటరు కూత కూడా వాటితో పాటే పైకి. బూడిద రంగులోంచి నెమ్మదిగా మనిషి రంగు వచ్చింది.

గొట్టం కట్టేశాను. ఎవరూ అడగకుండానే పెద్దక్క కాలితో స్టూలు నా వెనక్కి జరిపింది, పెద్ద కేసు అయ్యాక డాక్టర్లకి మేం ఎప్పుడూ జరిపినట్టే. కూర్చోలేదు. ఇప్పుడు చూడొచ్చు అనుకుని తిరిగి చూశాను, ఏమంటుందో, తిడుతుందో, బాగా చేశావంటుందో అని.

కంచు మేడమ్ కాదు. ఆవిడ రానే లేదు, ఇంకా పైనే, ఎవరి పొట్టలోనో చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని ఒక అమ్మాయి, అంబులెన్సు వెనక ఆటోలో వచ్చినట్టుంది, గుండెకి ఒక జత చెప్పులు హత్తుకుని ఉంది, తల్లి చెప్పులు. మంచం వైపు చూడలేకపోతోంది. నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు, మా ఇంట్లో చూశాను, వానలో, అమ్మ కళ్లలో. అప్పుడు అది గుమ్మం వైపు పోయేది. ఇప్పుడు గుమ్మంలోంచి నా మీదికి వస్తోంది, దాన్ని తప్పించుకుని చూడటానికి నా వెనక ఇంకో తలుపు లేదు. ఇంతసేపూ పడిన భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"డాక్టరు గారు ఎప్పుడొస్తారండీ?" అంది ఆ అమ్మాయి.

చేతులకి నెత్తురుంది, వెనక్కి కట్టుకున్నాను.

"రావాల్సినవాళ్లం వచ్చేశామమ్మా" అన్నాను. "మీ అమ్మకి ఊపిరి అందుతోంది."

సంచి నొక్కుతూనే, తల ఎత్తకుండా, వరండా అంతా వినపడేలా మౌని అన్నాడు, "రావాల్సినవాళ్లం వచ్చేశాం, విన్నాను."